రోలు కడగని రోజు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఏడుపు కబురేమీ కాదులే, నీకు నవ్వొచ్చే కబురే రాస్తున్నాను. ఇవాళ మనింట్లో హోటల్ చట్నీ కుదిరింది.

బొగ్గు ఇంజన్ దిగి ఇంటికొస్తూ కాజీపేట స్టేషన్ ముందరి హోటల్ నుంచి టిఫిన్ డబ్బాలో తెచ్చేవాడివే, ఆ పల్లి చట్నీయే. అచ్చం అలాంటిది చేయాలని అమ్మ ప్రతి ఆదివారం తంటాలు పడేది. పల్లీలు మార్చింది, చింతపండు తగ్గించింది, పక్కింటివాళ్ల కొత్త మిక్సీలో కూడా వేసి చూసింది. నువ్వు వేలితో నాకి, "మంచిగనే ఉంది గాని హోటల్‌ది గాదు" అనేవాడివి. ఆ "గాని" వినగానే అమ్మ గిన్నె లాక్కునేది.

ఈ పొద్దున నీ ఫొటో ముందు పెట్టడానికి గారెల పిండి రుబ్బింది. ఇంతలో నల్లా ఆగిపోయింది. రోలు కడగడానికి నీళ్లు లేక, అంటుకున్న మినప్పిండి మీదే చట్నీ నూరింది. నేను రుచి చూసి, "అమ్మా, ఇది హోటల్‌దే" అన్నాను. తనూ నాకి చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"హోటలోళ్లు పిండి రుబ్బిన రోట్లనే నూరుతరన్నట్టు! ఇన్నేండ్లు రోలు కడుక్కుంట నేనే చెడగొట్టిన్నా" అని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

తర్వాత గారెలు, చట్నీ నీ ముందు పెట్టి, ఎప్పటిలాగే నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇగ ఇప్పుడు చెప్పు, ఎట్లుందో" అంది.

నువ్వు "గాని" అనలేదు. అమ్మ గిన్నె లాక్కోకుండా ఇంకో గరిటె వేసింది.

నీ బిడ్డ