ఛాతీలో చిప్పు, మోకాలికి అయస్కాంతం

బమ్రోలి, సూరత్

నర్సవ్వకు సాంబయ్య రాయునది.

ముందే చెబుతున్నాను, బాగానే ఉన్నాను. పోయిన వారం మగ్గం దగ్గర కళ్లు తిరిగి పడ్డాను. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందని దవాఖానాలో ఎడమ ఛాతీ తోలు కింద చిన్న యంత్రం పెట్టారు. అందులో చిప్పు ఉంటుంది. గుండె కునుకు తీస్తే తట్టి లేపుతుంది. సెల్‌ఫోను దానికి దగ్గరగా ఉండకూడదన్నారు. అందుకని ఫోను నా గదిలో ఉండే గోపాల్‌కు ఇచ్చేశాను. ఇక ఉత్తరాలే.

ఇట్లు,
సాంబయ్య

మరిచాను: మీ అన్న పరమేశ్‌కు చెప్పకు. ఎన్ని జీబీలని అడుగుతాడు.

*

పిల్లల నాయినకు నర్సవ్వ దండం.

ఉత్తరం సదివి రెండు పూటలు అన్నం ముట్టలే. అన్నకు చెప్పిన. జీబీలు అడగలే, ఛార్జింగు ఎట్ల పెడ్తరని అడిగిండు. నువ్వు తినేది, నమిలేది అంత డాక్టర్‌కు కనబడ్తదట గద? గుట్కా బంద్ చెయ్. వచ్చే నెల మొదటి ఆదివారం బండెక్కుతున్న.

నీ నర్సవ్వ

మర్చిన: ఈ ముక్క ఛాతీ మీద పెట్టుకొని గట్టిగ సదువు. 'డాక్టర్‌సాబ్, ఈయన పచ్చడి మస్తు తింటడు. జర చెప్పుండ్రి.'

*

నర్సవ్వకు,

ఛార్జింగు అక్కర్లేదు. లోపలి బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. డాక్టరుకు గుండె లెక్క తప్ప గుట్కా కనబడదు. అయినా మానేశాను, ఎందుకైనా మంచిదని. నువ్వు మాత్రం రావద్దు. నీ మోకాలి బెల్టులో అయస్కాంతాలున్నాయి. అయస్కాంతం దగ్గరికొస్తే యంత్రం తీరు మారుతుందట.

సాంబయ్య

మరిచాను: గట్టిగానే చదివాను. గోపాల్ ఉలిక్కిపడి లేచాడు.

*

సూరత్‌ల ఉండే సాంబయ్యగారికి,

పెండ్లయిన కాడికెల్లి ఒక్కసారన్న రమ్మనలే. ఒకసారి గది ఇరుకన్నవు, ఒకసారి ఎండలన్నవు. ఇప్పుడు అయస్కాంతమా? ఆడ ఎవలున్నరో సక్కగ చెప్పు.

మీ పెండ్లాం (యాదికుంటే)

మర్చిన: ఆ బెల్టు సూరత్‌కెల్లి తెచ్చింది నువ్వే.

*

నర్సవ్వా,

ఇక్కడున్నది గోపాల్, వాడి గురక. ఇంకెవరూ లేరు. ఆ రోజు పడిపోతుంటే మగ్గాల చప్పుడు వినబడకుండా పోయింది. నువ్వు గుర్తొచ్చావు. నీతో నిండుగా నాలుగు మాటలు మాట్లాడకుండానే పోతున్నానని భయమేసింది. ఇది నోటితో చెప్పలేను. రా. బెల్టు ఇంట్లో పెట్టి రా.

నీ సాంబయ్య

మరిచాను: మోకాలు నొప్పెడితే నేను నూనె రాస్తాను.

*

పిల్లల నాయినకు,

వచ్చే శుక్రవారం దిగుతున్న, స్టేషన్‌కు రా. ఒక ముచ్చట దాచిన. నీ మొదటి ఉత్తరం రాంగనే మన ఊరి నర్సు జమునను అడిగిన. ఫోను ఎడమ జేబుల పెట్టకుంటె సాలట, కుడి చెవికి పెట్టుకొని మాట్లాడొచ్చట. బెల్టు మోకాలికే ఉంటె ఏం కాదని గూడ తర్వాత ఆమెనే చెప్పింది. అందుకే నీ మీద అనుమానమొచ్చింది.

ఫోను సంగతి కావాల్ననే రాయలే. ఇన్నేండ్లు ఫోన్‌ల 'తిన్నవా, మంచిదేనా, పెట్టేస్త' అనుడే గద. ఉత్తరాలల్ల ఎంత మాట్లాడుతున్నవ్! మళ్ల ఫోను పడితె ఆ మాటలు బంద్ అయితయని భయపడ్డ.

నీ నర్సవ్వ

మర్చిన: బెల్టు తెస్తున్న, నూనె మాత్రం నువ్వే రాయాలె. పెన్ను, కాయితాలు గూడ తెస్తున్న. నా ముందల నోరు రాకుంటె నువ్వు ఆ మూలకు కూసొని రాయి. నేను ఈ మూలకు కూసొని సదువుత.