పెట్టకూడని గుండీ

కత్తెరకు పెద్ద, కుట్టుకు దిక్కు అయిన మామయ్యకి,

మేనల్లుడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ నా గడ్డమూ క్షేమం. అక్కడ నువ్వూ, అత్తయ్యా, మీ కుట్టుమిషనూ కులాసా అని నమ్ముతున్నాను.

మామయ్యా, నిలబడి ఉంటే కూర్చో. నాకు ఉద్యోగం వచ్చింది. పూర్తిగా రాలేదు, ముప్పాతిక వచ్చింది. మూడంతస్తుల మగవాళ్ళ బట్టల కొట్టు. నన్ను పై అంతస్తులో కోట్ల దగ్గర వేశారు. శిక్షణలో ముగ్గురం ఉన్నాం. ఒకడు నిచ్చెనంత పొడుగు. ఇంకొకడు మెట్ల మీద ఉండగానే వాడి అత్తరు ముందొచ్చి హాజరు వేయించుకుంటుంది. నెలాఖరున యజమాని గారు వచ్చి మమ్మల్ని అద్దం ముందు వరసగా నిలబెట్టి తల నుంచి బూటు దాకా చూస్తారట. ఒక్కడు ఉంటాడు, ఇద్దరు ఇంటికి. డిగ్రీ పుచ్చుకున్న నాటినుంచి రెండేళ్ళుగా ఫ్యాను కింద పడుకుని నేను సాగిస్తున్న పరిశోధన నీకు తెలియంది కాదు. ఈసారి తిరిగొస్తే ఫ్యాను కూడా ఉండదని నాన్న సెలవిచ్చారు.

మగవాడు ఎలా కనబడాలో ఇక్కడ నలభై రెండు నియమాలు అచ్చు వేసి, బట్టలు తొడిగి చూసుకునే గది తలుపుకి అంటించారు. చదువుతుంటే ఒళ్ళు పులకరించింది. ఇరవై మూడేళ్ళుగా నేను మగవాణ్ణని అనుకుంటూ బతికిందంతా వట్టి అంచనా. బెల్టూ బూటూ ఒకే రంగు. మేజోళ్ళు ప్యాంటుకి చుట్టాలు, బూటుకి కావు. కోటు చేతి చివర చొక్కా అరంగుళం తొంగిచూడాలి. ముప్పావు చూస్తే పొగరు, పావు చూస్తే పిరికితనం. వీటన్నిటినీ మా సూపర్‌వైజరు గారు స్కేలు పెట్టి కొలుస్తారు. ఆయన్ని మేం చాటుగా ఇస్త్రీ గారు అంటాం. కూర్చుంటే ప్యాంటు మడత పడుతుందని భోజనం కూడా నిలబడే చేస్తారు.

కాబట్టి నాకు నీ చేతి కోటు కావాలి. బట్టా, కొలతల ఆదికి నా పాత కోటూ పార్సిల్లో పంపుతున్నాను. నా జీవితం నీ టేపు మీద వేలాడుతోంది.

ఇట్లు,
ముప్పాతిక ఉద్యోగి, నీ మేనల్లుడు

తా.క. మరిచాను. పదిహేడో నియమం ప్రకారం కోటుకి చివరి గుండీ ఎప్పుడూ పెట్టుకోకూడదు. నేను పెట్టుకోను. దాని కోసం మీరెవరూ కష్టపడకండి.


చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవించి రాయునది. నీ ఉత్తరం మీ అత్త గట్టిగా చదివింది, నేను మిషను ఆపి విన్నాను. పెళ్ళయ్యాక నేను మిషను ఆపి వినడం ఇది మూడోసారి. ఉద్యోగం మాట వినగానే లేచి గంతేశాను. మెడలో టేపు మిషను చక్రంలో పడి, నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది.

మీ నలభై రెండు నియమాలకీ నా నమస్కారం. ముప్ఫై ఏళ్ళుగా మగవాళ్ళని కొలుస్తున్నాను, నాకు తెలిసిన నియమం ఒక్కటే. నడుముకి టేపు చుట్టగానే ప్రతివాడూ ఊపిరి బిగపడతాడు. అందుకని ముందు వాళ్ళ బావమరిది కులాసాయేనా అని అడుగుతాను. ఒక నిట్టూర్పు వస్తుంది. అప్పుడు కొలుస్తాను.

ఇక అసలు సంగతి నువ్వు తాజాకలంలో దాచావు. చివరి గుండీ పెట్టుకోవన్నమాట. ఒరేయ్, నా దగ్గరా దాపరికం? "ఆ గుండీ నేను పెట్టుకోనులెండి" అన్న మగవాళ్ళని ఎంతమందినో చూశాను. కారణం ఎప్పుడూ ఒక్కటే, అది గుండీ వెనకాలే ఉంటుంది. పొట్ట రావడం తప్పు కాదు, దానికి నియమం అని పేరు పెట్టడం తప్పు. నువ్వేం దిగులు పడకు. ఆదికంటే నడుము దగ్గర నాలుగంగుళాలు వదిలాను. మీ అమ్మకీ కబురు పెట్టాను. అక్క మురిసిపోయి, పిల్లాడు కడుపు నిండా తింటున్నాడని వీధంతా చెప్పుకుంది. బావ మాత్రం రోజూ పొద్దున్నే పరిగెత్తమన్నాడు.

ఇట్లు,
నీ పొట్ట కోరే మామయ్య

తా.క. నీ తాజాకలం చదవగానే మీ అత్త కళ్ళద్దాలు తీసి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు. నేను చేసిన తప్పేమిటో నాకు తెలియదు. తెలియకపోయినా తప్పు మనదేనన్నది పెళ్ళయిన మగవాడికి మొదటి నియమం. మీ తలుపు మీద ఉందేమో చూడు.


ప్రియమైన మామయ్యకి,

పొట్ట లేని మేనల్లుడు ప్రమాణపూర్వకంగా రాసేది. కోటు అందింది. భుజాలు చూసి ఇస్త్రీ గారు రెండుసార్లు రెప్ప వేశారు, అది ఆయన చప్పట్లు కొట్టడం కింద లెక్క. నడుము దగ్గర మాత్రం నాతోపాటు పొడుగువాడు కూడా పట్టాడు. ఊరికే అనడం లేదు, పట్టి చూశాం.

నాకు పొట్ట రాలేదు మామయ్యా. అమ్మ రాసిన నాలుగు పేజీల ఆనందం చదివాక ఉన్నది కూడా లోపలికి పోయింది. చివరి గుండీ పట్టక కాదు, పట్టినా పెట్టకూడదు. అది కోటుకి ఉండాలి, మిగతావాటంత అందంగానే ఉండాలి, దాని కాజా కూడా ఉండాలి, కానీ గుండీ ఆ కాజాలోకి వెళ్ళకూడదు. ఎందుకండీ అని ఇస్త్రీ గారిని అడిగాను. ఎందుకని అడగకూడదన్నది నలభై మూడో నియమమట, చోటు చాలక అచ్చు వెయ్యలేదట.

నా గడ్డం సంగతి కూడా నీకు చెప్పుకోవాలి. ముప్ఫై ఒకటో నియమం ప్రకారం గడ్డం గొంతుముడికి రెండు వేళ్ళ పైన ఆగిపోవాలి. ఎవరి వేళ్ళో రాయలేదు. నేను వెళ్ళిన క్షౌరశాలాయన వేళ్ళు ఒక్కొక్కటి అరటిపండంత ఉన్నాయి. ఆయన నియమం తప్పని మనిషి, నిక్కచ్చిగా రెండు వేళ్ళూ పెట్టి గీశాడు. ఇప్పుడు నా గడ్డంలో మిగిలింది కింది పెదవి ఒక్కటే. ఇస్త్రీ గారు స్కేలు తీసి, ఏది కొలవాలో తోచక మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

అయినా భయం లేదు. ఇప్పటిదాకా పొడుగువాడికి ఆరు తప్పులు, అత్తరువాడికి అయిదు, నాకు నాలుగే. గెలుస్తున్నాను మామయ్యా. ఇంకా పన్నెండు రోజులుంది. కోటు తిరిగి పంపుతున్నాను, నడుము బిగించు.

ఇట్లు,
సన్నని మేనల్లుడు

తా.క. ఇరవై రెండో నియమం: జేబుల్లో ఏమీ ఉండకూడదు, చేతులు కూడా. రుమాలు గుండె జేబులోంచి కనబడాలి కానీ దాంతో ముక్కు తుడవకూడదు. నిన్న గట్టిగా తుమ్ము వచ్చింది. బయటికి కనబడే ఆ అరంగుళం చొక్కా ఎందుకో అప్పుడు అర్థమైంది.


అల్లుడూ,

మామయ్య దీవెనలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. గుండీ ఉండాలి. అందంగా ఉండాలి. నలుగురిలో కనబడాలి. కానీ ఏ పనీ చెప్పకూడదు. ఒరేయ్, అది గుండీనా, మీ నాన్నా? ఈ ఉత్తరం బావ కంట పడనివ్వకు.

నడుము నాలుగంగుళాలూ వెనక్కి తీశాను. పొట్ట లేదని తెలిసి మీ అమ్మ రెండు రోజులు సరిగ్గా తినలేదు. వీధిలో వాళ్ళకి ఏం చెప్పాలని నన్నే అడుగుతోంది. జేబుల సంగతి కూడా చూశాను. నాలుగు జేబుల మూతులూ రెండు వరసల కుట్టు వేసి మూసేశాను. ఇక నువ్వు నియమాన్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు, అదే నిన్ను పట్టుకుని ఉంటుంది. గడ్డానికి మాత్రం నేను చేయగలిగింది లేదు. టేపు ఉండగా వేళ్ళతో కొలిపించుకున్నవాడికి అంతే శాస్తి.

ఒక్క మాట మీ ఇస్త్రీ గారికి చెప్పు. ఒక కాజాకి నలభై సూది పోట్లు పడతాయి. ఒక్కో పోటుకీ దారం మెలిపెట్టి, ముడి అంచు మీద కూర్చునేలా లాగాలి. అంతా చేశాక అందులోకి గుండీ రాకూడదంటే, గుమ్మం పెట్టి, తలుపు పెట్టి, రంగు వేసి, ఇంట్లోకి ఎవరూ రావద్దని రాసిపెట్టినట్టు. ఈ మాట నాది కాదు, మీ అత్తది. ఉత్తరం చదివి వినిపించడం కాకుండా, పదమూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాటలు ఇవే. సంతోషం పట్టలేక ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఇట్లు,
మళ్ళీ మాటల్లో పడిన మామయ్య

తా.క. పార్సిల్ కట్టింది మీ అత్తే. కట్టేటప్పుడు తనలో తను నవ్వుకుంది. ఆవిడ అలా నవ్విన రోజు నేను ఇంట్లో గోడవారగా నడుస్తాను. నువ్వూ ఎందుకైనా మంచిది, చూసుకో.


మామయ్యా,

క్షేమసమాచారాలు చివర్లో రాస్తాను, చోటు మిగిలితే. ఈ రోజే యజమాని గారు వచ్చారు.

పొద్దున్న కోటు తొడుక్కున్నాను. అద్దంలో ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. "రండి సార్, ఏం చూపించమంటారు" అనబోయి ఆగాను. అంత బాగా కుదిరింది. ఇంకా గంట టైముంది. అప్పుడు చివరి గుండీ మీద నా కన్ను పడింది. నెల రోజులుగా నేను దాన్ని చూడటం లేదు, అది నన్ను చూస్తోంది. ఒక్కసారి పెట్టి, ఎలా ఉందో చూసుకుని, తీసేద్దామనుకున్నాను. గదిలో ఎవరూ లేరు. పెట్టాను. సుఖంగా లోపలికి వెళ్ళింది. నిజం చెప్పనా, నాకు అలాగే బాగుంది. నేను కొంచెం పొట్టివాణ్ణి కదా, అన్నీ పెట్టుకుంటే నిటారుగా ఉన్నాను.

తీయబోయాను. రాలేదు.

గోటితో తీశాను, రాలేదు. పొడుగువాడు వచ్చి వంగి లాగాడు, నేను వాడితోపాటు తలుపు దాకా వెళ్ళాను కానీ గుండీ రాలేదు. అత్తరువాడు జారుతుందని నాలుగు చుక్కలు వేశాడు. గుండీ గుబాళించింది, కదల్లేదు. ఉద్యోగం ఒక్కటే, పోటీదారులు ఇద్దరు, ఇద్దరూ నా కడుపు దగ్గర మోకాళ్ళ మీద ఉన్నారు. అప్పుడు ఇస్త్రీ గారు వచ్చారు. చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆయన కూర్చున్నారన్న వార్త విని కింది రెండంతస్తుల వాళ్ళూ పైకి వచ్చి చూసి వెళ్ళారు.

యజమాని గారు డెబ్బై ఏళ్ళ మనిషి. వరసలో నా ముందు ఆగారు. "పదిహేడు చదివావా?" అన్నారు. చదివానండీ అన్నాను. "మరి?" రావడం లేదండీ అన్నాను. ఆయనే వంగి తీయబోయారు. రాలేదు. కళ్ళద్దాలు తెప్పించుకున్నారు. కోటు అంచు తిరగేసి కాజా వెనకవైపు చూశారు. వేలితో తడిమారు. తల మీద ఫ్యాను తిరుగుతోంది. నా రెండేళ్ళ పరిశోధన కళ్ళ ముందు తిరిగింది.

"ఇది చేత్తో కుట్టింది. ఎవరు?" అన్నారు.

మా మామయ్యండీ అన్నాను.

మిషను కాజాలు నెలకే పీచు లేచిపోతున్నాయని కొన్నవాళ్ళు కోట్లు తెచ్చి బల్ల మీద పడేస్తున్నారట. చేత్తో కుట్టే మనిషి కోసం రెండేళ్ళుగా వెతుకుతున్నారట. "ఈ చెయ్యి నాకు కావాలి. పది రోజుల్లో తీసుకొస్తే ఉంటావు. లేకపోతే నియమం తప్పినవాడివి, వెళ్తావు" అన్నారు.

మామయ్యా, మెడలో టేపుతో సహా బయల్దేరు. కాజాల విభాగానికి నువ్వే పెద్ద. నా ముప్పాతిక ఉద్యోగం ఇప్పుడు నీ నలభై పోట్ల మీద ఉంది.

ఇట్లు,
నీ చేతి చలవ కోరే మేనల్లుడు

తా.క. గుండీ ఇంకా రాలేదు. కత్తెర పెట్టడానికి యజమాని గారు ఒప్పుకోలేదు, అది అందరికీ చూపించాలట. కిందనుంచి జార్చేద్దామంటే నడుము దగ్గర నువ్వు నాలుగంగుళాలు వెనక్కి తీశావు. ఈ ఉత్తరం కోటులో ఉండే రాస్తున్నాను.


అల్లుడూ,

నీ ఉత్తరం రాగానే ఊరంతా చెప్పాలనిపించింది. మెట్లు దిగి, ఎవరికీ చెప్పకుండానే మళ్ళీ ఎక్కాను. కారణం రాస్తున్నాను.

నేను కత్తిరిస్తాను. మిషను మీద కుడతాను. కాజా మాత్రం ముప్ఫై ఏళ్ళలో ఒక్కటి కూడా కుట్టలేదు. అన్నీ మీ అత్తవే. మధ్యాహ్నం పనయ్యాక కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని కుడుతుంది. కోటు పుచ్చుకున్నవాళ్ళు "నీ కాజా నీదేనయ్యా" అంటే నేను తల ఊపేవాణ్ణి. తల ఊపడం అబద్ధం కిందికి రాదని నా నమ్మకం. అది వస్తుందని ఈ వారం తెలిసింది.

నీ ఉత్తరాలు చదివి వినిపించేది ఆవిడే కదా. "ఈ చెయ్యి నాకు కావాలి" అన్నచోట చదవడం ఆపి, తన చెయ్యి తిప్పి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. నేను మిషను చక్రానికి నూనె వేస్తున్నట్టు నటించాను. తర్వాత కలం అడిగింది. మీ యజమాని గారికి తనే రాసింది. నిన్న జవాబు వచ్చింది. బుధవారం బయల్దేరుతున్నాం. నీ ఉద్యోగం ఖాయమని అందులో వేరే వాక్యంలో ఉంది.

మిగతాది తనే రాస్తానంటోంది. కలం ఇస్తున్నాను.

ఇట్లు,
మామయ్య

తా.క. అత్తయ్య రాసేది. నాయనా, ఆ కాజా నేనే బిగించాను. ఒకసారి పెట్టుకున్నవాడు మళ్ళీ తీయకూడదని. నువ్వు పెట్టుకుంటావని నాకు తెలుసు, నీ చెయ్యి ఊరుకోదు. గుండీని నిలువుగా తిప్పి వెనకనుంచి బొటనవేలితో నెట్టు, వస్తుంది. యజమాని గారికి రెండే షరతులు రాశాను. పదిహేడో నియమం తలుపు మీంచి చెరిపెయ్యాలి. నేను కుట్టిన కోటుకి ఏ గుండీ పెట్టాలో, ఏది వదలాలో తొడుక్కున్నవాడి ఇష్టం. రెండోది, మీ మామయ్యని నా కింద సహాయకుడిగా తీసుకోవాలి. రెండింటికీ ఒప్పుకున్నారు. రెండోది మీ మామయ్యకి ఇంకా చెప్పలేదు. చదవకుండా అంటించి పోస్టు చెయ్యమని కవరు ఆయన చేతికే ఇస్తున్నాను.

తా.క. కి తా.క. చదివాను. సహాయకుడికి మధ్యాహ్నం కునుకు ఉంటుందో లేదో మెల్లగా కనుక్కుని రాయి. కనుక్కోమన్నది నేనని అత్తకి చెప్పకు. – మామయ్య