మారని అంకె

నాన్నగారూ,

మీరు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. ఏలూరులో తెల్లవారింది గానీ ముసురు వల్ల వెలుగు లేదు.

జువాలజీ వదిలి కంప్యూటర్లలోకి వెళ్తానంటే, "చెరువుని మాత్రం మర్చిపోకమ్మా" అన్నారు. మర్చిపోలేదండీ. మన చేపల చెరువు నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో ఇప్పుడు నా ప్రోగ్రామే బాబాయి ఫోన్‌కి చెబుతుంది. తగ్గితే ఎరుపు, బాగుంటే పచ్చ. అందుకే బాబాయి మీలా పొద్దున్నే గట్టు చుట్టూ తిరగడం మానేశారు. చేపలు ఊపిరాడక పైకి తేలాయేమో, వాటికోసం కొంగలు చేరాయేమో చూడటం లేదు.

ఇందాక ల్యాప్‌టాప్ తెరిచాను. నిన్న సాయంత్రం నుంచి అదే అంకె. రాత్రిపూట ఆక్సిజన్ తగ్గకుండా ఉండదు, ముసురు పడితే ఇంకా తగ్గుతుంది. నీళ్లలోని పరికరం పాడైంది. మారని అంకెను అనుమానించమని ప్రోగ్రామ్‌కి నేను నేర్పలేదు.

వెంటనే ఫోన్ చేశాను.

"బాబాయ్, ఒక్కసారి గట్టు మీదికి వెళ్లండి."

"పచ్చగానే ఉంది కదమ్మా! అచ్చం మీ నాన్నలాగే, ఊరికే కంగారు."

నవ్వుతూనే బయల్దేరారు. బురదలో ఆయన అడుగులు వినిపించాయి. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"కొంగలన్నీ ఇక్కడే ఉన్నాయేంటమ్మా?" అన్నారు.

నా తెర మీద ఇంకా పచ్చగానే ఉంది, నాన్నగారూ.