అతకడానికి పోగు మిగల్చలేదు

అన్నా,

ఈ పొద్దున మన కంప్యూటర్ తనంతట తానే అప్‌డేట్ అయి కొత్తదైపోయింది. ఎవరినడిగి మారిందో తెలియదు, వద్దని నొక్కినా వినలేదు. రెండు మూడుసార్లు ఆరి వెలిగాక చూస్తే, నువ్వు చీరల అంచులు గీసుకునే ప్రోగ్రాం తెరుచుకోవడం లేదు. ఆదోనిలో బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. "పాతవి దీంట్లో నడవవన్నా, ఏం సేసేదానికి రాదు" అన్నాడు.

మన మొదటి కంప్యూటర్‌ను నువ్వు ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. ఆయుధపూజ నాడు అమ్మ మగ్గానికి పెట్టినట్టే దాని అద్దానికీ కుంకుమ బొట్టు పెట్టింది. నువ్వు తుడవనివ్వలేదు. ఆ బొట్టు పక్కనే నెమళ్ల అంచును గడి గడిగా గీశావు. దాంట్లోంచి దీంట్లోకి తెచ్చుకున్న ఆ నెమళ్లు ఇప్పుడు లోపలే ఉన్నాయి, చూడలేం.

నా తిట్లు వింటూ వదిన మగ్గం దగ్గర, మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే ముడేసి అతుకుతోంది. తలెత్తకుండానే అడిగింది:

"పాత పోగులు కొంచెమన్నా ఇడిసిపెట్టకుండా అంతా కోసేసినారా? మల్ల కొత్తది దేనికి ముడేయల్లప్పా?"



నువ్వు పోయిన రోజు మగ్గం మీద సగం చీర ఉండింది. వదినే దాన్ని నేసి, కోసి, మగ్గంలో మిగిల్చిన పోగులకు కొత్త పడుగు ముడేసింది. తర్వాతి పడుగును దాని పోగులకు. ఈ రోజు అతుకుతున్నదీ ఆ వరసలోదే.

నువ్వు ఎక్కించిన పడుగు ఇంకా తెగలేదన్నా.