నీ పేరున పెట్టిన సంతకం

తమ్ముడూ,

బాగున్నావా అని అడిగే మొహం నాకు లేదు. ఎనిమిది నెలలుగా గొంతుకు అడ్డుపడ్డ మాట ఇవాళ కాగితం మీద కక్కేస్తున్నాను. పిల్లల్ని దేశం దాటించి తన పుట్టింటికి తీసుకెళ్లడానికి మరదలు చూపించిన అంగీకార పత్రం మీద నీ సంతకం పెట్టింది నేనే.

అప్పుడు నువ్వు ఓడరేవులో క్రేను పని మీద రెండు నెలలు ఇంట్లో లేవు. మరదలు నా కుట్టుమిషను పక్కన కూర్చుని ఏడ్చింది. "మా అమ్మకి బాగాలేదు వదినా. ఆయన్ని అడిగితే ససేమిరా అంటారు. నెల తిరక్కుండా వచ్చేస్తాం" అంది. నీ మొండితనం ఎరిగినదాన్ని కనుక నమ్మాను. నీ పాత ఉత్తరం ఎదురుగా పెట్టుకుని నాలుగుసార్లు రాసి చూసి, ఐదోసారి పత్రం మీద పెట్టేశాను. నెల దాటాక ఫోను చేస్తే, "ఇక రాము వదినా" అని పెట్టేసింది.

నువ్వు అక్కడి కోర్టుకెక్కిన రోజే చెప్పాల్సింది. జైలంటే భయపడ్డాను. మంచాన పడ్డ మీ బావను చూసి భయపడ్డాను. ఇక దాచలేను. ఈ ఉత్తరం నీ లాయరుకి చూపించు. ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను.

నీ పాపిష్ఠి అక్క

*

అక్కా,

నీ ఉత్తరం అందేసరికి కేసు ముగిసి మూడు రోజులైంది.

ఆ పత్రాన్ని వాళ్ల లాయరు కోర్టులో బయటపెట్టినప్పుడే మొదటిసారి చూశాను. చూడగానే తెలిసింది. నా పేరు చివర సున్నాను అంత గుండ్రంగా చుట్టేది నువ్వొక్కదానివే. మా లాయరు నా చెవిలో అన్నాడు: "నిజం చెప్పండి. మీది కాదంటే ఫోర్జరీ. పిల్లలు మీకొస్తారు, పెట్టినవాళ్లు జైలుకెళ్తారు. మీదే అంటే మీరే ఒప్పుకుని పంపినట్టు. ఇక కేసే లేదు."

"ఇది మీ సంతకమేనా?" అని జడ్జి అడిగారు. అమ్మ పోయాక నన్ను పెంచిన నీ చేతులు కళ్లముందు మెదిలాయి. "నాదే" అన్నాను. నీ మరదలు తలెత్తి ఒక్కసారి నా వంక చూసి, మళ్లీ దించుకుంది. పిల్లలు అక్కడే ఉండాలని తీర్పొచ్చింది.

నిన్ను క్షమించాననుకోకు. ఎదురుపడితే ఏమంటానో నాకే తెలియదు. ఇప్పట్లో మా ఇంటికి రాకు. ఈ సంగతి ఎవరితోనూ అనకు. అంటే, నేను పోగొట్టుకున్నదంతా దండగైపోతుంది.

నిన్న ఫోనులో చిన్నది అడిగింది: "నాన్నా, నువ్వే సంతకం పెట్టి మమ్మల్ని పంపేశావట కదా?"

"అవునమ్మా, నేనే" అన్నాను.

నీ తమ్ముడు