దీపంలో చుక్క పొయ్యనివాడు

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది. ఇవాళ నీ పేర ఈ దీవిలో మన కాంప్ ద మాస్క్ ఊరి మందిరంలో రామభజన పెట్టాం. వచ్చినవాళ్లంతా దీపంలో తలా కాస్త నూనె పోశారు. ఎన్నికల్లో నిలబడ్డ పెద్దమనిషి, మన తెలుగువాడే, వట్టి చేతులతో వచ్చాడు. గెలిస్తే చెరకు తోటల దొరలకు పన్ను తగ్గిస్తాడట. ఖజానా నిండాలి కనుక నూనె మీద సుంకం పెంచుతాడట. ఆ దీపం ముందే నిలబడి చెప్పాడు, సిగ్గులేకుండా.

"అయ్యా ముస్యే, ముందు ఇందులో చుక్క పొయ్యి. మా నూనె మాట తర్వాత," అన్నాను.

"ఆడదానివి, నీకెందుకమ్మా బడ్జెట్?" అని నవ్వాడు.

చదవడం, రాయడం వస్తే ఈసారి ఆడవాళ్లకీ ఓటుంది, ఏ భాషైనా సరే. నువ్వు చెయ్యి పట్టి దిద్దించిన తెలుగులోనే ఆఫీసరు ముందు రాసి జాబితాకెక్కాను.

ఆ సంగతి వాడికి చెప్పలేదు. నవ్వుతూనే వెళ్లాడు.