పీకేసిన ప్లగ్గు

ఏమండీ,

ఇది మీకు చేరదని తెలిసీ రాస్తున్నాను. పోయిన ఆదివారం చర్చికి వెళ్తూ, ఇల్లంటుకుంటుందేమోనని భయపడి మన మనవరాలు గ్రేస్ కంప్యూటరు ప్లగ్గు పీకేశాను. బయల్దేరే ముందు అన్నీ కట్టేయమనేవారు కదా మీరు. ఈ దేశంలోనేమో గోడ మీది ప్లగ్గు పాయింట్లకి స్విచ్చులుండవు.

ఒంట్లోని కణంలో ఏ ప్రోటీను ఎక్కడ ఉంటుందో ఆ కంప్యూటరు లెక్కకట్టి చెబుతుందట. చోటు తప్పితే మంచి ప్రోటీనైనా జబ్బు తెస్తుందట. మీ జబ్బూ అలాంటిదేనట. ఆ లెక్కంతా మధ్యలో పోయింది.

“నేనే పీకానే తల్లీ” అన్నాను.

“ఇట్స్ ఓకే అమ్మమ్మా, మళ్లీ రన్ చేస్తా. తాతయ్యుంటే ఫ్రిజ్ కూడా ఆపేసేవారు” అని నవ్వింది. తిట్టినా బాగుండేది.

ఇవాళ మీ జ్ఞాపకార్థ కూడిక. ప్లగ్గు ముట్టుకోకుండానే వెళ్లాను. పాస్టరుగారు మీ పేరెత్తి ప్రార్థిస్తుంటే, నేను మాత్రం ఇల్లంటుకోకూడదనీ, ఆ లెక్క ఆగకూడదనీ వేడుకున్నాను. మీరేమీ అనుకోకండి.